చివరి బస్సు ఎన్ని గంటలకో ఒక బోర్డు రాయించండి

సంపాదకులకు నమస్కారం.

మాది గుంటూరు, బ్రాడీపేట. ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూలు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. పరీక్షలో జిల్లా పటం ఇచ్చి సముద్రానికి రంగు వేయమంటే పిల్లలు రేపల్లె కింద మొదలుపెట్టి బాపట్ల దాకా నీలం పెన్సిలు అరగదీసేవారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక ఆ నీలం గీత మొత్తం బాపట్ల జిల్లాకు వెళ్ళిపోయింది. గుంటూరు జిల్లాకు ఇప్పుడు సముద్రం లేదు. విజయవాడ వారి సంగతీ అంతే. బందరు రోడ్డు వాళ్ళ ఊళ్ళోనే ఉంది, బందరు మాత్రం పక్క జిల్లాలో ఉంది. పటంలో ఎవరి వాటాకు ఏది వచ్చినా సముద్రం తన చోటు మారలేదు. మాకు బాపట్ల యాభై కిలోమీటర్లు, వాళ్ళకు బందరు డెబ్భై. పొద్దున టిఫిను తిని బయలుదేరితే మధ్యాహ్నం భోజనం వేళకు అల ముందు నిలబడవచ్చు.

మీ ఆదివారం సంచికలో ఈ మధ్య సముద్రతీర విహారాల మీద పెద్ద వ్యాసం వేశారు. గోవా, పుదుచ్చేరి, అండమాన్, బాలి. బొమ్మలు బాగున్నాయి. అదే వారం బెంగుళూరులో ఉండే మా అబ్బాయి, కోడలు శ్రీలంక వెళ్ళి గాలె కోట ఫోటోలు పంపారు. అక్కడ డచ్చివాళ్ళ చర్చిలో నేలంతా పాత సమాధి రాళ్ళే పరిచి ఉన్నాయి. "చూశావా అమ్మా, ఎంత బాగా కాపాడుకుంటున్నారో" అని కింద రాశాడు. "ఒరే, అదే డచ్చివాళ్ళు మన బందరులోనూ పడుకుని ఉన్నారు, నువ్వెప్పుడైనా చూశావా?" అని జవాబు రాయబోయి ఆగిపోయాను. నేనూ చూడలేదు.

అసలు సిగ్గు అక్కడితో ఆగలేదు. మోటుపల్లి శాసనం గురించి ఏటా పాఠం చెప్పాను, మోటుపల్లి చూడలేదు. రేపల్లెలో పెళ్ళిళ్ళకు భట్టిప్రోలు మీదుగా లెక్కలేనన్నిసార్లు వెళ్ళాను, ఒక్కసారీ దిగలేదు. అందుకని సంక్రాంతి సెలవుల చివర్లో నేనూ, మా తోడికోడలూ, తొమ్మిదో తరగతి చదువుతున్న ఆవిడ మనవరాలూ మూడు చేతిసంచులతో నాలుగు రోజుల ప్రయాణం కట్టాం. కారు లేదు. రైలు, బస్సు, ఆటో, పడవ, ఒకసారి రొయ్యల బండి. ఈ ఉత్తరం ఆ ప్రయాణం గురించే.

బాపట్లలో రైలు దిగి భావనారాయణస్వామిని చూసుకున్నాం. భావపురే బాపట్ల అయిందంటారు. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది ఈ ఊళ్ళోనే. ఆ మాట మా పిల్లకు చెబితే "ఎక్కడ మామ్మా?" అని అడిగింది. రిక్షా స్టాండులో అడిగాను, కాఫీ హోటల్లో అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. తొమ్మిది కిలోమీటర్ల అవతల సూర్యలంకలో జనం బాగానే ఉన్నారు. మిరపకాయ బజ్జీలు, గుర్రాలు, తడిసిన ప్యాంట్లు. సముద్రం సముద్రంలాగే ఉంది, దాన్ని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆడవాళ్ళు తడి బట్టలు మార్చుకోవడానికి ఎంత తిప్పలు పడుతున్నారో మాత్రం రాయకుండా ఉండలేను. ఏ బీచికి వెళ్ళినా ఇదే గోడు. దీనికి మహాప్రణాళికలు అక్కరలేదు, నాలుగు గోడలు, ఒక గడియ, ఒక కుళాయి చాలు.

మోటుపల్లికి చినగంజాం నుంచి ఆటో మాట్లాడుకున్నాం. ఆటో అబ్బాయి దారిలో రెండుసార్లు అడిగాడు: "అక్కడ ఏముందమ్మా?" ఏముందో చెబుతాను. వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం ఉంది. దాని మీద కాకతీయ గణపతిదేవుడు 1244లో చెక్కించిన మాట ఉంది. సంస్కృతంలోనూ తెలుగులోనూ ఉంది. దాని సారం ఇది. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడ తుఫానులో పగిలి మన ఒడ్డున పడితే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ వెనుకటి రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కన్నా ధనం మిన్న అనుకుని సముద్రం మీద తిరిగే ఈ వర్తకుల మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా మేము వాళ్ళకే వదిలేస్తున్నాం. ఆ సుంకం ముప్పైకి ఒకటి.

ఓడ మునిగినవాడి సొమ్ము ముట్టుకోనని రాయి మీద రాసి ఇచ్చిన రేవు అది. పాఠం చెప్పే రోజుల్లో దీన్ని రెండు మార్కుల ప్రశ్నగా చూశాను. స్తంభం ముందు నిలబడితే వేరుగా ఉంది. అక్షరాలు సన్నగా, వరుస తప్పకుండా ఉన్నాయి. గీతల్లో దుమ్ము, పాత నూనె జిడ్డు. మా పిల్ల పక్కనుంచి ఫోను లైటు వేస్తే గుంటల్లో నీడ పడి అక్షరాలు ఒక్కసారిగా లేచాయి. వేలితో తడిమి మూడు అక్షరాలు గుర్తుపట్టింది. "ఇది 'ర' మామ్మా" అంది. మా తోడికోడలు తెలుగు మీడియం కూడా సగంలో మానేసిన మనిషి, చేతులు జోడించి స్తంభానికి దండం పెట్టింది. దేవుడు లోపలున్నాడు అక్కయ్యా అంటే, "ఇదీ మంచి మాటే కదే" అంది.

తర్వాత రుద్రమదేవి పాలన గురించి రాసిన మార్కో పోలో ఈ రేవును ముత్ఫిలి అన్నాడు. ఇక్కడి నూలు బట్ట సాలెగూడులా సన్నగా ఉందని రాసుకున్నాడు. వెనిసు నుంచి వచ్చినవాడికి తెలిసిన ఊరు చినగంజాం ఆటో అబ్బాయికి తెలియలేదు. తప్పు అతనిది కాదు. తిరుగు ప్రయాణంలో నేను కథంతా చెప్పాను. దిగేటప్పుడు పది రూపాయలు తగ్గించి తీసుకున్నాడు. సుంకంలో రాయితీ అనుకున్నాను.

భట్టిప్రోలు రెండో రోజు పొద్దున చూశాం. 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ తవ్విస్తే ఇక్కడి స్తూపంలో ధాతు కరండాలు, అంటే అస్థికలు దాచిన పెట్టెలు, బయటపడ్డాయి. వాటి మీది అక్షరాలు మన లిపికి పూర్వీకుల్లో ఒకటని పండితుల మాట. అంతకుముందే ఆ దిబ్బ ఇటుకలు కొన్ని రోడ్డుకూ, రాళ్ళు కాలువ కట్టడానికీ పోయాయి. మిగిలిన దిబ్బ చుట్టూ పచ్చగడ్డి. ఒక ముసలాయన గేదెను తోలుకుంటూ వచ్చి "బుద్ధుడి ఎముక ఇక్కడే దొరికింది, తెలుసా?" అని మాకు పాఠం చెప్పాడు. సంతోషంగా విన్నాను. ఈ ప్రయాణం మొత్తంలో మేము అడగకుండానే ఒక చోటు గురించి చెప్పిన మనిషి ఆయన ఒక్కడే.

ఒకచోట తాళం కూడా చూశాం. ఊరు పేరు రాయను, తాళం తీయవలసినవారి ఉద్యోగానికి ఎసరు పెట్టడం నా ఉద్దేశం కాదు. గేటు పక్కన బోర్డు ఉంది. ఈ కట్టడాన్ని పాడు చేస్తే ఎంత శిక్ష, ఎంత జరిమానా అన్నది వివరంగా ఉంది. ఆ కట్టడం ఏమిటో, ఎవరు కట్టారో మాత్రం లేదు. కడ్డీల సందుల్లోంచి చూసి, పాడు చేయకుండా వచ్చేశాం.

రేపల్లె దాటి పెనుమూడి వారధి ఎక్కితే అవతల పులిగడ్డ, దివిసీమ. వారధి లేని రోజుల్లో మా మామగారు ఇక్కడ పడవ దాటేవారట. నదిని ఇంత వెడల్పున చూడటం మా పిల్లకు మొదటిసారి. విజయవాడలో ప్రకాశం బ్యారేజి మీద నుంచి చూసే కృష్ణ వేరు, ఇక్కడి కృష్ణ వేరు. ఇక్కడికి వచ్చేసరికి ఏటికి తొందర పోతుంది. పాయలుగా చీలి, లంకలు పెట్టి, మడ అడవుల్లో తచ్చాడి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడి వేణుగోపాలస్వామి గుడికి మాఘ పౌర్ణమికి జనం పోటెత్తుతారు. మేము వెళ్ళిన రోజు గుడిలో మేము ముగ్గురం, పూజారిగారు.

మరునాడు ఏటిమొగ నుంచి ఎదురుమొండికి పడవెక్కాం. ఈ దీవిని ఏ విహార వ్యాసంలోనూ నేను చూడలేదు. అది విహారానికి వెళ్ళే చోటు కాదు కూడా, మనుషులు కాపురం ఉండే ఊరు. పడవలో మాతోపాటు మూడు మోటారు సైకిళ్ళు, రెండు గ్యాసు సిలిండర్లు, పీతల బుట్ట, ఒళ్ళో పసిబిడ్డతో ఒక తల్లి, ఆసుపత్రి నుంచి తిరిగి వెళ్తున్న ఒక పెద్దావిడ. పీతల కాళ్ళు కొబ్బరి పీచుతో కట్టి ఉన్నాయి, బుట్ట కదిలినప్పుడల్లా గీకుడు చప్పుడు. నా పక్కన కూర్చున్నాయనకు యాభై ఆరు, యాభై ఏడు ఉంటాయి. ఎక్కడి నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు అని అడిగాడు. చూడటానికి వచ్చామంటే నవ్వాడు. నేను ఉప్పెన గురించి అడిగాను. అడగవచ్చునో లేదో అనుకుంటూనే అడిగాను.

1977 నవంబరు 19. ప్రభుత్వ లెక్కల్లోనే పది వేల మంది దాకా పోయారు. పడవలో ఆయన అంకెలు చెప్పలేదు. చొక్కా చేయి పైకి మడిచి ముంజేయి చూపించాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా తెల్లని గీతలు, దువ్వెన పళ్ళతో గీసినట్టు దగ్గర దగ్గరగా ఉన్నాయి. "తాటిమట్టల కోతలమ్మా. రాత్రంతా చెట్టును వాటేసుకుని ఉన్నాను. మట్ట రంపంలా ఉంటుంది కదా, అల వచ్చినప్పుడల్లా కోసేది. వదిలితే పోతానని వదల్లేదు" అన్నాడు. అప్పుడాయనకు తొమ్మిదేళ్ళట. ఇంట్లో ఎంతమంది మిగిలారని మా తోడికోడలు అడగబోతే నేను చేయి పట్టుకుని ఆపాను. ఆయనే గమనించి, "నేనొక్కణ్ణే" అని, అవతల ఒడ్డు వస్తోందని బండి కాడికి వెళ్ళిపోయాడు.

దివిసీమలో స్మారక స్తూపాలు ఉన్నాయి. ఏటా నవంబరులో పూలదండలు పడతాయి. కానీ నీళ్ళు ఇంత ఎత్తు వచ్చాయని గీత గీసిన గోడ ఒక్కటీ నాకు కనపడలేదు. బడి గోడ మీద, బస్సు షెల్టరు మీద, గుడి ప్రాకారం మీద ఒక ఎర్రగీత, దాని పక్కన తేదీ చాలు. చూసేవాడు తన తల ఆ గీతకు ఎంత కిందుందో చూసుకుంటాడు. అది విహారయాత్రికుడికి ఎంత పాఠమో, రేపు తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇల్లు వదలనని మొండికేసే కొత్త తరానికి అంత కన్నా పెద్ద పాఠం. వచ్చేటప్పుడు ఆ గీత గురించి పడవ నడిపే అబ్బాయితో అన్నాను. "గీత గీయాలంటే నిచ్చెన కావాలమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రమే మాకు బస్సు తప్పింది. అదీ పేరు చెప్పని ఊరే. చివరి బస్సు ఐదున్నరకు అని ఒకరు, ఆరుంపావుకు అని టీ కొట్టు ఆవిడ, ఈ పూట రాదని ఇంకొకరు. ఐదూ పదికే వెళ్ళిపోయిందని ఆరున్నరకు తెలిసింది. షెల్టరులో సినిమా పోస్టర్లు ఉన్నాయి, రాజకీయ నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు ఉన్నాయి, బస్సు వేళలు లేవు. చివరికి ఐసు పెట్టెలతో వెళ్తున్న రొయ్యల బండి ఆపి ఎక్కాం. మా చేతిసంచులు గుంటూరు చేరి రెండుసార్లు ఉతికాక కూడా రొయ్యల వాసన వస్తూనే ఉన్నాయి.

మరునాడు దారిలో ఘంటసాల చూసి బందరు చేరాం. ఘంటసాలను రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ కొంటకొస్సిల అని రాశాడు. బౌద్ధ స్తూపం, చిన్న మ్యూజియం ఉన్నాయి. అంతకంటే రాయను, లేకపోతే బందరుకు చోటు మిగలదు.

బందరంటేనే రేవు. గోల్కొండ సుల్తానుల రేవు. డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దం మొదట్లో ఇక్కడ కొట్టు పెట్టారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు, ఫ్రెంచివాళ్ళు 1669లో. వాళ్ళందరూ అద్దకం బట్టల కోసం కొట్టుకున్నారు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో ముప్పై వేల మంది దాకా పోయారు, ఊరు మళ్ళీ మునుపటిలా లేవలేదు. రెండు ఉప్పెనలూ నవంబరులోనే వచ్చాయని మా పిల్ల గమనించింది, నేను చెప్పలేదు.

డచ్చి శ్మశానంలో గంటకు పైగా ఉన్నాం. నల్లరాతి పలకలు, వాటి మీద వంశ చిహ్నాలు, పూలతీగలు. ఇక్కడ నాకొకటి తట్టింది. మోటుపల్లి స్తంభం మీద అక్షరం రాతిలోకి దిగి ఉంది. వేలు పెడితే గుంటలోకి పోతుంది. డచ్చి పలక మీద అక్షరం చుట్టూ రాయి చెక్కేసి అక్షరాన్ని ఉబ్బెత్తుగా నిలబెట్టారు. వేలు పెడితే అక్షరమే వేలికి తగులుతుంది. ఎండకు కాగిన రాతి మీద మా పిల్ల అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని, అంకెలు చదివింది. ఒకటి, ఆరు. మిగతా రెండూ అరిగిపోయాయి. ఫోను అనువాదంలో మొదటి వరుస మాత్రం తెలిసింది, ఇక్కడ సమాధి అయినవారు అని. గాలెలో మా అబ్బాయి చూసినవీ ఇలాంటి రాళ్ళే. అక్కడ టిక్కెట్టు, గైడు, కాఫీ కొట్టు. ఇక్కడ తుమ్మచెట్టు నీడలో మేము ముగ్గురం.

మధ్యాహ్నం పెడన వెళ్ళి అచ్చుల అద్దకం చూశాం. టేకు అచ్చును రంగులో ముంచి, బట్ట మీద పెట్టి, అరచేతితో కాకుండా పిడికిలి పక్కతో ఒక్క దెబ్బ. గీత గీతకు అతుకు కనపడదు. కరక్కాయ నీళ్ళలో నానిన బట్ట వాసన నాకు మా అమ్మమ్మ మందుల పెట్టెను గుర్తుచేసింది. మా తోడికోడలు దుప్పటి కొంది, బేరం చేయకుండా కొనడం ఆవిడ జీవితంలో అదే మొదలు. బందరు లడ్డూ గురించి రాస్తే ఈ ఉత్తరం ప్రకటన అవుతుంది. శనగపిండి జంతికలు వేయించి, రోట్లో దంచి, బెల్లం పాకంలో కలిపి మళ్ళీ దంచే తొక్కుడు లడ్డూ అది. రెండు కిలోలు తెచ్చాను, వారం దాటలేదు.

మంగినపూడి దగ్గర కొత్త పోర్టు పనులు జరుగుతున్నాయి. రేవు మళ్ళీ వస్తే బందరుకు మంచిదే. తీరం పొడవునా రిసార్టులు, గుడారాలు, వేగం పడవలు వస్తాయని కూడా తరచు పేపర్లో చదువుతున్నాను. రానివ్వండి, నాకు అభ్యంతరం లేదు. కానీ అవి వచ్చేదాకా ఆగవలసిన అవసరం లేని పని ఒకటి ఉంది. మోటుపల్లి, భట్టిప్రోలు, హంసలదీవి, ఎదురుమొండి రేవు, ఘంటసాల, బందరు. ఇలాంటి ప్రతి చోటా ఒక బోర్డు. తెలుగులో. ఇక్కడ ఏం జరిగింది, చివరి బస్సు ఎన్ని గంటలకు. ఈ రెండూ ఒకే బోర్డు మీద ఉండాలి. మొదటిది లేకపోతే జనం రారు, రెండోది లేకపోతే వచ్చినవాళ్ళు మళ్ళీ రారు.

గుంటూరు, విజయవాడ బడులవారికీ ఒక మాట. ఏటా పిల్లలను బస్సుల్లో ఎక్కించి నీళ్ళ జారుడు బల్లలకు తీసుకువెళ్తున్నారు. నేనూ రెండుసార్లు వెంట వెళ్ళి, తడి పిల్లల్ని లెక్కపెట్టుకుని వచ్చాను. అదే ఖర్చుతో ఒక రోజు మోటుపల్లి, సూర్యలంక అవుతాయి. శాసనం చూశాక సముద్రంలో దిగనివ్వండి, ముందు దింపితే స్తంభం దగ్గర ఎవరూ నిలబడరు. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా పిల్ల నోటుబుక్కు వెనక పేజీలో ఒక బోర్డు రాసింది. అధికారులు ఎవరైనా అనుమతిస్తే మోటుపల్లిలో దాన్ని రాయించి పెట్టే ఖర్చు నా పింఛనులోంచి ఇస్తాను. ఆ అమ్మాయి రాసింది రాసినట్టు కింద ఇస్తున్నాను.

"మోటుపల్లి. పూర్వం ఇది పెద్ద రేవు. ఓడ మునిగిపోయిన వాళ్ళ సామాను రాజులు లాక్కునేవాళ్ళు. 1244లో గణపతిదేవుడు అలా లాక్కోము అని ఈ గుడిలో స్తంభం మీద రాయించాడు. లోపలికి వెళ్ళి చూడండి. పక్కనుంచి లైటు వేస్తే అక్షరాలు కనిపిస్తాయి. నూనె రాయకండి. చివరి బస్సు: కండక్టరు గారిని అడిగి ఇక్కడ రాయాలి."

ఇట్లు,
ఒక రిటైర్డ్ సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని,
బ్రాడీపేట, గుంటూరు.